టర్బోప్రాప్‌లో చైనా వెనుకబాటు

చైనా వై-8, వై-9 సైనిక రవాణా విమానాలను ఎగరేసేది డబ్ల్యూజే-6 టర్బోప్రాప్ ఇంజన్. సోవియట్ ఏఐ-20కి అది అనుకరణ. 2017 డిసెంబరులో జుహాయ్‌లో తొలిసారి గాలిలోకి లేచిన ఉభయచర విమానం ఏజీ600కూ ఇవే నాలుగు బిగించారు. వై-8కు నాలుగు రెక్కల ప్రొపెల్లర్, వై-9కు ఆరు రెక్కలది. ఇంజన్ వంశం మాత్రం పాతదే.

టర్బోప్రాప్ చూపులకు పాతకాలపు యంత్రమే కానీ, తయారీ తేలిక కాదు. ఏఐ-20లో నిమిషానికి 12,000 సార్లకు పైగా తిరిగే రోటర్ వేగాన్ని గేర్‌బాక్స్ దాదాపు 1,000కి దించి ప్రొపెల్లర్‌కు అందిస్తుంది. సుమారు 4,000 హార్స్‌పవర్ ఒత్తిడిని ఏళ్ల తరబడి ఓర్చుకోవలసింది ఆ పళ్లచక్రాలే. ఇంధనం ఎక్కువ తాగినా, తరచూ మరమ్మతులకు వచ్చినా సైన్యం సర్దుకుపోతుంది. టికెట్లమ్మి బతికే విమానయాన సంస్థకు అది కుదరదు. అందుకే ప్రాంతీయ విమానం ఎంఏ60కి ప్రాట్ అండ్ విట్నీ కెనడా ఇంజన్లే దిక్కయ్యాయి. దానికంటే పెద్దదైన ఎంఏ700కూ అదే సంస్థ పీడబ్ల్యూ150సీని ఎంచుకున్నారు. కెనడా ఎగుమతి అనుమతి ఇవ్వకపోవడంతో ఆ పథకం చతికిలబడింది.

యుద్ధవిమానాల ఇంజన్లపై పెట్టిన శ్రద్ధ బీజింగ్ వీటిపై పెట్టలేదు. ఇంజన్ల తయారీని 2016లో ప్రభుత్వ సంస్థ ఏఈసీసీ గొడుగు కిందికి తెచ్చాక, 5,000 కిలోవాట్ల తరగతి టర్బోప్రాప్ ఏఈపీ500 పని చేపట్టారు. ప్రయాణికుల విమానాలకు తగిన దేశీయ ఇంజన్ ధ్రువీకరణ పొందేదాకా ఎంఏ700 వాణిజ్య సేవల్లోకి రావడం కష్టమే.