మనవాళ్ళకు ఫినిషింగు రాదట!

"మనవాళ్ళకు పని వచ్చు గానీ ఫినిషింగు రాదండీ" అనే మాట వినని తెలుగు గృహస్థుడు ఉండడు. గృహప్రవేశానికి వెళ్ళిన ప్రతిచోటా, బంతిలో రెండో వడ్డన అయ్యేసరికి ఎవరో ఒకరు ఈ మాట అని తీరుతారు. తలుపు సందులు చూపిస్తారు, టైల్సు అంచులు చూపిస్తారు, విచారంగా తల ఊపుతారు. నేనూ ఊపాను. ఊపి ఊరుకోక, ఆ మాటనే అడ్డుపెట్టుకొని ఒక మేస్త్రి కూలిలో ఐదువందల రూపాయలు కోశాను. ఈ జాబు ఆ ఐదువందలను గూర్చి.

జరిగినది ఇది. పుస్తకాల కోసం ప్లైవుడ్డుతో ఒక గూడు చేయించాను. ప్లైవుడ్డు కోసినచోట పొరలుపొరలుగా కనబడుతుంది, దెబ్బ తగిలితే చిట్లుతుంది. అందుకని ముందరి అంచులకు అల్యూమినియం యాంగిల్, అంటే ఎల్ ఆకారపు బద్ద, తొడగాలనుకొన్నాం. ముప్పావు అంగుళం రెక్కలు, ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం, 12 అడుగుల పొడవు. ఇంత చేసి తూస్తే అరకిలోకు కాస్త పైన. "ఎనోడైజుడుది తీసుకోండ్రి సారూ, మచ్చ పడదు" అని మేస్త్రి ముందే చెప్పాడు. ధర విని నేనే వద్దన్నాను. అచ్చులోనుంచి వచ్చినది వచ్చినట్లు అమ్మే ముడి బద్ద కొన్నాం. అతను కొలిచాడు, కోశాడు, మరలు బిగించాడు, వెళ్ళాడు. మర్నాటి ఎండలో చూద్దును గదా, దాని నిండా నిలువు గీతలు, బండి మీద రాసుకొన్న గాట్లు, బూడిదరంగు మచ్చలు. అప్పుడు నా నోట వచ్చిన మాట ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

కూలి కోసిన గర్వంతో, ఈపాటి పని మనం చేసుకోలేమా అని బద్ద ఊడదీసి నేనే మెరుగు పెట్టడానికి కూర్చున్నాను.

ముందుగా తెలిసినది ఆ నిలువు గీతలు మేస్త్రి పెట్టినవి కావని. వేడిచేసిన అల్యూమినియం దిమ్మెను జంతికల గిద్దలో పిండిలాగా అచ్చులోనుంచి నెట్టి ఈ బద్దలు తీస్తారు. గిద్ద రంధ్రంలోని ప్రతి గరుకూ జంతిక మీద గీతగా దిగినట్లే ఇక్కడా దిగుతుంది. వాటిని తీయాలంటే 220 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టాలి. తర్వాత 320, 400, 600, 800, 1000. కాగితాన్ని చెక్కముక్కకు చుట్టి, సబ్బునీళ్ళు చల్లుతూ రుద్దాలి. నీళ్ళు లేకపోతే ఆ మెత్తని లోహం కాగితం పళ్ళ మధ్య పేరుకొని, ఉన్న గీతలు పోగొట్టడానికి బదులు కొత్తవి పెడుతుంది. పొడి రుద్దుడులో లేచే సన్నని ధూళి ఊపిరికి మంచిది కాదు, నిప్పుకూ మంచిది కాదు. ఒక నంబరు ఒక వాలున రుద్దితే తర్వాతి నంబరు దానికి అడ్డంగా రుద్దాలి. ముందరి గీతలన్నీ మాయమైతేనే పై నంబరుకు పోవాలి.

నేను పోయాను, అవి మాయం కాకముందే. 320 నుంచి 800కు ఒక్క గెంతు గెంతాను. గరుకుగా ఉన్నంతసేపూ అంతా ఒక్కలాగే కనబడింది. చివర మెరుగుముద్ద రాసి గుడ్డతో తుడిచేసరికి, అద్దంలాంటి తళుకు అడుగునుంచి 320 నాటి గీతలు ఒక్కొక్కటే పైకి తేలి నన్ను వెక్కిరించాయి. మళ్ళీ 400కు దిగవలసి వచ్చింది.

(పదప్రియుల కోసం ఒక ఉపాఖ్యానం. ఆ మెరుగుముద్దలో ఉన్నది కూడా అల్యూమినియం ఆక్సైడే. మన కురువిందం, ఇంగ్లీషువారి కొరండం, అదే పదార్థం. ఆ ఇంగ్లీషు మాట మన దక్షిణాది భాషలనుంచి పోయినదే. మెత్తని లోహాన్ని దాని గట్టి ఆక్సైడుతోనే తోముతున్నామన్నమాట. ఇక అల్యూమినియం గిన్నెను మన ఇళ్ళలో "సిల్వరు గిన్నె" అనడం ఎవరు మొదలుపెట్టారో గానీ, ఈ పని చేసినవాడికి ఆ పేరు మీద కోపం రాదు.)

శనివారం మధ్యాహ్నం మొదలైన పని ఆదివారం రాత్రికి తెమిలింది. పదకొండు గంటలు. వేళ్ళ కొసలు నల్లబడి మూడు రోజులు వదలలేదు. రెండు రెక్కల బయటి ముఖాలు కలిపితే 24 అడుగులు. ఆరు నంబర్లకు 144 అడుగులు. అడుగుకు యాభై రుద్దుళ్ళు వేసుకొన్నా 7,200 రుద్దుళ్ళు. వెనక్కి దిగి మళ్ళీ చేసినవి ఇందులో కలపలేదు.

ఇప్పుడు అడుగుతున్నాను. మేస్త్రితో నేను కుదుర్చుకొన్న బేరంలో ఈ 7,200 ఎక్కడ ఉన్నాయి? బేరం "రన్నింగు ఫీటుకు ఇంత" అని. టేపు పొడవును కొలుస్తుంది, నునుపును కొలవదు. కోతకూ బిగింపుకూ డబ్బిచ్చి, మెరుగును కొసరుగా అడిగాను. కొసరు రాలేదని అసలులో కోశాను. దీన్ని వ్యాపారంలో వేరే పేరుతో పిలుస్తారు. ఇంటి పనుల్లో మాత్రం "మనవాళ్ళకు ఫినిషింగు రాదు" అంటారు.

చెడ్డ పనివాళ్ళు లేరని నేననను. మరను సగం తిప్పి సుత్తితో కొట్టేవారిని నేనూ చూశాను. వారిని తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను. కానీ ఒక మనిషి చేయని పనికీ, మనం చేయించని పనికీ తేడా ఉందా లేదా?

న్యూజెర్సీలో ఉండే మా బావమరిది ఈ వాదం విని, "అమెరికాలో చూడండి బావగారూ, ఎంత నీటుగా చేస్తారో!" అన్నాడు. చేస్తారు. అక్కడ గంటకు లెక్కకట్టి పుచ్చుకొంటారు. ఆ లెక్క భరించలేకనే ఇతగాడు తన పెరటి చెక్క అరుగును రెండు వేసవులు తానే మోకాళ్ళ మీద కూర్చుని గీకి రంగు వేసుకొన్నాడు. ఆ ఫోటోలు మా అందరికీ పంపాడు కూడా. అదే మనిషి ఇక్కడికి వచ్చి, తన తండ్రిగారి ఇంటి కిటికీలకు మూడు కొటేషన్లు తెప్పించి, అన్నిటికన్నా తక్కువదానిలో మరో పదిశాతం తగ్గించమని పట్టుబట్టాడు.

ఇది జాతి లక్షణమనేవారు ఒక్కసారి పాలంపేట వెళ్ళాలి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి అది, శాసనం 1213 నాటిది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు మనమందరం ఛాతీలు పొంగించుకొన్నాం. అక్కడి నల్లరాతి మదనికల నునుపు చూశారా? మండపంలోని స్తంభాల మీద దీపం పెడితే కనబడే నిగనిగ చూశారా? బఫ్ చక్రం లేని రోజుల్లో రాతిని రాతిపొడితో అరగదీసిన చేతులవి. నునుపు కూడా పనిలో భాగమేనని చేయించినవాడు ఒప్పుకొన్నాడు గనుకనే అది అక్కడ ఉంది. ఎనిమిది వందల ఏళ్ళలో మన చేతులు మొద్దుబారాయనడం కన్నా, చేయించేవారి కన్ను పొడవు దగ్గరే ఆగిపోయిందనడం నాకు సబబుగా తోస్తుంది.

"ఇంత రాద్ధాంతం ఎందుకు, యంత్రం ఉంది గదా" అంటారని తెలుసు. మిగిలిన బద్దను నేను బాలానగరు వైపు ఒక సందులో బఫింగు చేసేచోటికి తీసుకువెళ్ళాను. చక్రం ముందు ఇరవై ఏళ్ళైనా నిండని కుర్రవాడు. ముక్కుకు జేబురుమాలు, అది నల్లగా, కనుబొమలు నల్లగా. ఇరవై నిమిషాలలో నా పదకొండు గంటల పనికన్నా బాగా చేసి ఇచ్చాడు. నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి అతనితో పది రూపాయల కోసం బేరమాడుతున్నాడు. యంత్రం గంటలను తగ్గించింది, నిజమే. ఆ నలుపు ఎవరి ఊపిరిలోకి పోవాలనేదానికి మాత్రం సమాధానం చెప్పలేదు.

మొన్న మేస్త్రిని పిలిపించి ఐదువందలు చేతిలో పెట్టాను. ఎందుకని అడిగాడు, చెప్పాను. కాసేపు నన్నూ, గూడునూ మార్చిమార్చి చూశాడు. నేను మెరుగుపెట్టిన బద్ద మీద బొటనవేలు ఆనించి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా నడిపించాడు. రెండు బద్దలు కలిసే పై మూల దగ్గర వేలు ఆగింది.

"మంచిగనే రుద్దిండ్రు సారూ. గానీ ఈ మూల కలువలే. ఊడదీసి మళ్ళ బిగించేటప్పుడు జరిగింది. ఆకురాయి ఉన్నదా ఇంట్ల?"

ఉంది, ఇచ్చాను. ఎంత తీసుకుంటావని ముందే అడిగాను.