పెదవి దాటకముందే!

శ్రీకాకుళం వెళ్లేవారు రైలు దిగేది ఆమదాలవలసలో. స్టేషన్ బోర్డు మీద పేరు మాత్రం 'శ్రీకాకుళం రోడ్డు'. హావ్‌డా-చెన్నై మార్గంలోని ఆ స్టేషన్లో కాసేపు కూర్చుంటే మైకు చెప్పేదంతా కంఠతా వచ్చేస్తుంది. రోజంతా దాదాపు ఒకటే వాక్యం. మారేవల్లా రైలు నంబరు, పేరు, ప్లాట్‌ఫారం... ఆ ఖాళీలే.

నిజానికి అక్కడ జరిగే పనులు రెండు. ఖాళీలు పూరించి వాక్యం సిద్ధం చేయడం ఒకటి. దాన్ని మైకులో వినిపించడం మరొకటి. మొదటిదాంట్లో తప్పు దొర్లితే దిద్దుకోవచ్చు. ఒకటో నంబరు బదులు రెండో నంబరని మైకు పలికేసిందా, అంతే! సంచులతో, చంటిపిల్లలతో, మోకాళ్ల నొప్పుల నాయనమ్మతో సహా అందరూ వంతెన ఎక్కేస్తారు. తర్వాత సరిచేసి చెప్పినా ఎక్కిన మెట్లు ఎక్కినట్టే. పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరికే అన్నారా!

కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారికీ ఇదే పాఠం. కొత్తగా నేర్చుకునేవారు రెండు పనుల్నీ కలిపేసి, లెక్క కట్టిన చోటే తెరమీద అచ్చు వేసేస్తుంటారు. హాస్కెల్ అనే భాష అందుకు ఒప్పుకోదు. 1990లో వచ్చిన ఈ భాషకు అమెరికా తర్కశాస్త్రవేత్త హాస్కెల్ కరీ పేరు పెట్టారు. ఇంటర్ లెక్కల్లో 'ప్రమేయాలు' గుర్తున్నాయి కదూ? ఒకే సంఖ్య ఇస్తే ఎప్పుడూ ఒకే జవాబు, మరో పని పెట్టుకోవు. ఈ భాషకు అవే ఆధారం. అందులో 'షో' విలువను అక్షరాలుగా మార్చి చేతికిస్తుంది. 'ప్రింట్' ఆ అక్షరాలను తెరమీదికి పంపుతుంది. 'వాక్యం మాత్రమే ఇస్తాను' అని రాసుకున్న ప్రమేయం తెర జోలికి వెళ్లబోతే, ప్రోగ్రాము నడవకముందే కంపైలర్ ఆపేస్తుంది.

ఇంత పట్టింపు ఎందుకంటారా? చేతిలో ఉన్న వాక్యాన్ని పరీక్షించుకోవచ్చు. దాన్నే తెరమీదికీ, టికెట్టు మీదికీ, ఎస్సెమ్మెస్‌కీ పంపుకోవచ్చు.

తెలుగువాళ్లకైతే ఇది మరీ అవసరం. 'శ్రీకాకుళం'లో అక్షరాలెన్ని? వేళ్ల మీద లెక్కపెడితే నాలుగే. యూనికోడ్‌లో మాత్రం శకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం... ఇలా విడివిడిగా లెక్కేస్తే 10. ఏడక్షరాల 'ఆమదాలవలస'కు 8 చాలు! రెండింటినీ 12 గళ్లలో సర్దమంటే హాస్కెల్ పొట్టిగా కనిపించే శ్రీకాకుళానికి 2 ఖాళీలు, పొడుగ్గా కనిపించే ఆమదాలవలసకు 4 ఖాళీలు చేరుస్తుంది. వరుసలు ఎగుడుదిగుడు! వాక్యం తయారీ విడిగా ఉంటే ఆ ఒక్కచోట దిద్దితే సరి. అచ్చుతో కలిపేస్తే ప్రోగ్రామంతా గాలించాల్సిందే.

మాట సిద్ధం చేయడం వేరు, బయటికి వదలడం వేరు. ఆ రెంటి మధ్య ఒక్క క్షణం ఆగితే చాలు... నాయనమ్మకు వంతెన ఎక్కే బాధ తప్పుతుంది.