కారవాన్ లాగడానికి డీజిల్ కారా? ముందు కిలోలు చూడండి, తర్వాత టార్క్

ఒక్క బెంచ్‌మార్క్ స్కోర్ చూసి ఫోన్ కొనొద్దని ఈ సైట్‌లో ఎన్నిసార్లు చదివుంటారో. కార్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరం అదే పని చేస్తాం. "టార్క్ ఎంత?" అని ఒక్క నంబర్ అడిగి ఆగిపోతాం. మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న చర్చ కూడా ఇదే. ఏడు సీట్ల డీజిల్ బండి కొనాలి, వెనక చిన్న కారవాన్ తగిలించుకుని శ్రీశైలం, సూర్యలంక తిరగాలి అని మా బావ ప్లాన్. డాలస్‌లో కొన్నేళ్లు ఉండొచ్చాడు, అక్కడ పికప్ ట్రక్కుల వెనక ఇళ్లకి ఇళ్లే పోతుంటే చూశాడు. మా నాన్నకి కారవాన్ గోల పట్టలేదు గానీ డీజిల్ అనగానే తలూపాడు. "డీజిలే తీస్కోరా, మంచిగ గుంజుతది." హాలియాలో పొలం ఉన్న ఏ ఇంట్లో అడిగినా ఇదే జవాబు వస్తుంది.

గుంజే మాట నిజమే. నంబర్లు చూడండి. ఎర్టిగా పెట్రోల్ 1.5 ఇంజిన్ టార్క్ 137 న్యూటన్ మీటర్లు, అది కూడా 4,400 ఆర్‌పీఎం దగ్గర. కియా కారెన్స్ 1.5 డీజిల్ 250 ఇస్తుంది, 1,500 ఆర్‌పీఎం నుంచే. ఇన్నోవా క్రిస్టా 2.4 డీజిల్ అయితే 343. పవర్ 76 పీఎస్ మాత్రమే ఉన్న బొలెరో కూడా 210 న్యూటన్ మీటర్లు లాగుతుంది. బరువుతో బండి కదలాలంటే కింది ఆర్‌పీఎంలోనే బలం కావాలి, అది డీజిల్‌లో ఉంటుంది. ఇక్కడిదాకా నాన్న కరెక్టే.

కానీ టార్క్ బండిని కదిలిస్తుంది, ఆపదు. కారవాన్ విషయంలో అసలు ప్రశ్న ఆపడం గురించి. యూరప్‌లో కార్ స్పెక్ షీట్‌లో లాగే కెపాసిటీ రెండు నంబర్లుగా రాస్తారు: ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉంటే ఎంత, లేకపోతే ఎంత. బ్రేకులు లేని ట్రైలర్‌కి అక్కడ పైపరిమితి 750 కిలోలు. బ్రిటన్‌లో కారవాన్ క్లబ్బులు కొత్తవాళ్లకి ఇచ్చే సలహా ఇంకా సింపుల్: నిండా సామాన్లతో ఉన్న కారవాన్ బరువు, మీ కార్ ఖాళీ బరువులో 85 శాతం దాటొద్దు. అంటే పద్నాలుగు వందల కిలోల కార్‌కి సుమారు 1,190 కిలోలు, అదీ ఆ కార్ కంపెనీ లాగడానికి ఒప్పుకుంటేనే. లాగే బండి లాగించుకునే దానికంటే బరువుగా ఉండాలి, లేదంటే దిగుడులో వెనకది ముందుదాన్ని తోస్తుంది, మలుపులో తోకలా ఊపుతుంది.

మన దగ్గర కార్ బ్రోషర్లలో ఈ నంబర్ కోసం వెతికి చూడండి. సన్‌రూఫ్ సైజు ఉంటుంది, యాంబియంట్ లైట్ రంగులు 64 అని ఉంటుంది, లాగే కెపాసిటీ ఎక్కడా కనబడదు. సేల్స్ అతన్ని అడిగితే "అంతా లాగుతుంది సార్" అంటాడు. ఆ మాట వినకండి. షోరూంలోనే ఓనర్స్ మాన్యువల్ తీసి ట్రైలర్ పేజీ చదవండి. కొన్ని కార్లకి కంపెనీయే లాగొద్దని స్పష్టంగా రాసి ఉంటుంది. అలా రాసున్న కార్‌కి బయట వెల్డింగ్ షాపులో హుక్కు పెట్టించి, రేపు యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ వస్తుందని ఆశపెట్టుకోవడం వేస్ట్. పైగా మన చట్టంలో ట్రైలర్‌కి విడిగా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ రెండింటి గురించి కొనేముందే ఆర్టీఏ ఆఫీసులో, ఇన్సూరెన్స్ కంపెనీలో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

ఇప్పుడు మా బావ ప్లాన్‌లో ఉన్న అసలు చిక్కు. ఏడుగురు మనుషులు, సగటున 65 కిలోలు అనుకున్నా 455 కిలోలు. బట్టలు, వంట సామాను, నీళ్ల క్యాన్లు కలిపితే ఇంకో వంద. చాలా ఏడు సీట్ల కార్లు మోయగలిగేదే ఐదారు వందల కిలోలు. అంటే కారవాన్ తగిలించకముందే బండి ఫుల్. పైగా కారవాన్ ముందు భాగం హుక్కు మీద కూర్చుంటుంది, దాని బరువులో 5 నుంచి 7 శాతం కార్ వెనక టైర్ల మీద పడుతుంది. వెయ్యి కిలోల కారవాన్ అంటే డిక్కీలో ఇంకో మనిషి కూర్చున్నట్టు. వెనక కుంగితే ముందు లేస్తుంది. కారెన్స్, సఫారీ లాంటి ముందు చక్రాలు తిరిగే బండ్లలో అప్పుడు పట్టు తగ్గుతుంది. వర్షాకాలంలో సాగర్ ఎడమ కాలువ కట్ట మీద ఒకసారి ఇరుక్కున్నవాళ్లకి దీని అర్థం వివరించక్కర్లేదు.

ఆ లెక్కన చూస్తే నిజంగా లాగే పని ఉన్నవాళ్లకి మిగిలేది చిన్న లిస్టే: క్రిస్టా, స్కార్పియో-ఎన్, బొలెరో. మూడూ ఛాసీ మీద బాడీ కూర్చోబెట్టిన బండ్లు, మూడింటికీ తోసేది వెనక చక్రాలే (స్కార్పియో-ఎన్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ కూడా ఉంది). హుక్కు బిగించడానికి గట్టి జాగా ఉంటుంది. మాన్యువల్ చదవడం వీటికీ తప్పదు. ఫ్యామిలీ కార్‌గా నా ఓటు మాత్రం క్రిస్టాకే. స్కార్పియో-ఎన్ ఇంజిన్ ఇంకా బలమైనదే, కానీ దాని మూడో వరుసలో మా అమ్మని కూర్చోబెట్టి హైదరాబాద్ దాకా తీసుకెళ్లే ధైర్యం నాకు లేదు. బొలెరో మూడో వరుస గురించి మాట్లాడకపోవడమే మంచిది.

నా అసలు వాదన ఇంకొకటుంది. లాగడం పక్కనపెట్టండి, హాలియాలో డీజిల్ కార్ ఎవరికి? 2012లో పెట్రోల్, డీజిల్ మధ్య తేడా లీటర్‌కి ముప్పై రూపాయలు దాటింది. "డీజిలే తీస్కో" అన్న మాట అప్పుడు పుట్టింది, అప్పుడది సరైన మాట. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద కంట్రోల్ ఎత్తేశాక ఆ తేడా కరిగిపోయింది. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గించాక హైదరాబాద్‌లో పెట్రోల్ 107.41, డీజిల్ 95.65. తేడా పన్నెండు రూపాయలు కూడా లేదు. ఆ రేట్లతోనే లెక్క వేద్దాం: ఒకే మోడల్‌లో పెట్రోల్ 14, డీజిల్ 19 మైలేజ్ ఇస్తే కిలోమీటర్‌కి మిగిలేది 2 రూపాయల 64 పైసలు. డీజిల్ మోడల్‌కి లక్షన్నర ఎక్కువ పెట్టారనుకోండి, అది తిరిగి రావడానికి 57 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకి 2,000 తిరిగేవాళ్లకి రెండున్నరేళ్లు కూడా పట్టదు. 800 తిరిగేవాళ్లకి ఆరేళ్లు.

డబ్బు ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక డీజిల్ బండి స్వభావమే మారింది. మారుతి, రెనో, ఫోక్స్‌వ్యాగన్ అప్పుడే మన దగ్గర డీజిల్ వదిలేశాయి. మిగిలిన డీజిల్ కార్ల సైలెన్సర్ లైన్‌లో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. మసిని పట్టుకుని, నిండాక దాదాపు 600 డిగ్రీల వేడితో తనే కాల్చేసుకుంటుంది. ఆ పని పూర్తవ్వాలంటే సాధారణంగా బండి ఆగకుండా పావుగంట, ఇరవై నిమిషాలు మంచి స్పీడ్‌లో పోవాలి. మన ఊళ్లో కార్ రోజువారీ దారి ఏంటి? ఇంటి నుంచి పొలం మూడు కిలోమీటర్లు, పొలం నుంచి బజార్ ఇంకో రెండు, మధ్యలో నాలుగుసార్లు ఆపడం. ఫిల్టర్ కాల్చుకోవడం మొదలుపెడుతుంది, మనం తాళం తీసేస్తాం. ఇలా పదిసార్లు అయితే డాష్‌బోర్డ్ మీద పసుపు లైటు. పాత ఇండికాలో ఈ బాధ లేదు, అందుకే నాన్న తరానికి ఇది చెప్తే నమ్మరు. వారానికోసారి మిర్యాలగూడ దాకానో నల్లగొండ దాకానో ఆగకుండా వెళ్లొచ్చేవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు. నాలాగా శని, ఆదివారాలు హైదరాబాద్‌కీ ఊరికీ మధ్య తిరిగేవాళ్లకి అసలే లేదు. కార్ ఊరు దాటదు అనుకుంటే పెట్రోల్ ఎర్టిగా తీసుకుని హాయిగా ఉండండి.

సెకండ్ హ్యాండ్ డీజిల్ చూస్తున్నవాళ్లకి గాడ్జెట్ సైట్ కాబట్టి ఒక గాడ్జెట్ చెప్తా. బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. స్టీరింగ్ కింద పోర్ట్‌కి పెట్టి ఫోన్‌లో యాప్ తెరిస్తే పాత ఎర్రర్ కోడ్‌లు బయటపడతాయి. చాలా బీఎస్6 బండ్లలో సరైన యాప్‌తో డీపీఎఫ్‌లో మసి ఎంతుందో, చివరిసారి కాల్చుకుని ఎన్ని కిలోమీటర్లయిందో కూడా కనిపిస్తుంది. "డాక్టర్ గారి బండి, సింగిల్ ఓనర్" అన్న మాటకంటే ఆ రెండు నంబర్లు ఎక్కువ చెప్తాయి. నిన్ననే ఎర్రర్లు చెరిపేసి ఉంటే అది కూడా దాదాపు తెలిసిపోతుంది.

మళ్లీ కారవాన్ దగ్గరికి. మన ప్రాంతానికి కారవాన్ కొత్తేం కాదు. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేళ్లకోసారి జరుగుతుంది. ట్రాక్టర్ ట్రాలీకి పైన టార్పాలిన్ కట్టి, లోపల గడ్డి పరిచి, పొయ్యి, బియ్యం, పిల్లా జెల్లా అంతా ఎక్కి వెళ్తారు, అక్కడే వండుకుని అక్కడే పడుకుంటారు. లాగేది లాగడానికే పుట్టిన ట్రాక్టర్, దాని స్పీడూ తక్కువే. శ్రీశైలం ఘాట్ సంగతి వేరు. మన్ననూరు దాటాక అడవి రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. దారిలో నచ్చిన చోట కారవాన్ ఆపి పడుకుందాం అంటే అది పులుల అడవి, ఆపనివ్వరు. కృష్ణ వైపు దిగే మలుపుల్లో వెనక టన్ను బరువుతో బ్రేక్ మీద కాలు పెట్టి కూర్చునేది మా బావ కాదు, డ్రైవింగ్ నాది.

అందుకే మా ఇంట్లో నేను పెట్టిన ప్రపోజల్ ఇది: డీజిల్ క్రిస్టా, ఎందుకంటే మా బండి నెలకి 2,000 పైనే తిరుగుతుంది, ఏడుగురం నిజంగానే ఎక్కుతాం. హుక్కు వద్దు. ఏడాదికి రెండు ట్రిప్పులకి కావాలంటే డ్రైవర్‌తో పాటు మినీ బస్ మాట్లాడుకుందాం. బావ ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం టెస్ట్ డ్రైవ్ ఉంది, ఏడుగురం బ్యాగులతో సహా వెళ్తున్నాం.