నిప్పురవ్వపై నేరము

2014వ సంవత్సరము జూన్ 27వ తేదీ వేకువజామున, మామిడికుదురు మండలములోని నగరం గ్రామమున ప్రభుత్వ గ్యాసు సంస్థయగు గెయిల్ వారి పైపులైను పగిలి, వెలువడిన గ్యాసు అంటుకొని, ఇరువదిమందికి పైగా ప్రాణములను, ఇండ్లను, దుకాణములను, కొబ్బరిచెట్లను దహించివేసిన దుర్ఘటనను గూర్చి ప్రసంగము వచ్చినపుడెల్ల కోనసీమలో నేటికిని ఒక మాట వినవచ్చుచుండును: “ఆ టీకొట్టులో పొయ్యి వెలిగించుటచేతనే గదా అంత పని జరిగినది!” అని. ఈ మాట అనువారిలో దుష్టులెవ్వరును లేరు. కొందరు ఆ మంటలలో బంధువులను పోగొట్టుకొన్నవారు సైతము. అయినను ఈ మాట అసత్యమునకంటె హానికరమైన అర్ధసత్యము. కర్మాగారములయందును, గొట్టపు మార్గములయందును భద్రతను గూర్చి మనవారు ఆలోచించు పద్ధతినే ఇది వక్రింపజేయుచున్నది గనుక దీనిని ఖండింపక తప్పదు.

వేకువజామున పొయ్యి రాజని ఊరు కోనసీమలో ఏది? పొయ్యి వెలిగించుట ఆ దుకాణదారునకు నిత్యకృత్యము. గ్యాసు ఆతని గుమ్మము తొక్కుట నిత్యకృత్యము కాదు. గాలిలో ఈ గ్యాసు నూటికి 5 మొదలు 15 పాళ్లవరకు కలిసినపుడు మండుటకు సిద్ధముగా ఉండును. అట్టి మేఘము ఇండ్లనడుమ వ్యాపించిన పిదప, పొయ్యి కాకున్న మోటారుసైకిలు, అదియును కాకున్న దీపపు స్విచ్చి, ఏదో ఒకటి దానికి నిప్పు అందించియే తీరును. కావున నిప్పురవ్వ ఎవ్వరిదని విచారించుట న్యాయవిచారణ కాదు, కాలక్షేపము. అడుగవలసిన ప్రశ్న వేరు: మూడడుగుల మట్టిక్రింద ఉక్కు గొట్టములో బందీయై ఉండవలసిన వాయువు బయటికి ఎట్లు వచ్చెను?

తాటిపాకనుండి కొండపల్లి విద్యుత్కేంద్రమునకు పోవు ఆ 18 అంగుళముల గొట్టము పొడి వాయువును మోయుటకై ఉద్దేశింపబడినది. అది మోసినది తడి వాయువు. నీటిని తొలగించు యంత్రాగారమును మొదటిచోటనే నెలకొల్పవలసి యుండగా నెలకొల్పలేదని కేంద్ర పెట్రోలియం మంత్రిత్వశాఖ నియమించిన విచారణ సంఘమే తేల్చినది. బావినుండి వచ్చు వాయువులో నీటియావిరియు, కొంత బొగ్గుపులుసు వాయువును ఉండును. గొట్టములో చల్లబడినకొలది ఆవిరి నీరై అడుగుభాగమున చేరును. ఆ నీటిలో బొగ్గుపులుసు వాయువు కరగి ఆమ్లమగును. ఆ ఆమ్లము పల్లపుచోట్ల నిలిచి, ఉక్కును లోపలినుండి గుంటలు గుంటలుగా తినివేయును. గొట్టమునకు పైన పూసిన పూతలుగాని, మట్టివలన కలుగు తుప్పును వారించుటకు ప్రవహింపజేయు విద్యుత్తుగాని ఈ లోపలి రోగమును తాకజాలవు. దీనికి చికిత్స వేరు: ఆదిలోనే గ్లైకాలుతో నీటిని తీసివేయుట, పిగ్గింగు చేసి, అనగా గొట్టములోపల బిరడావంటి సాధనమును నడిపించి, అడుగున చేరిన ద్రవమును క్రమముగా నెట్టివేయుట, తుప్పును నిరోధించు రసాయనమును ఎక్కించుట, అయస్కాంత శక్తితో గోడ మందమును కొలుచుచు గొట్టము పొడవునను సాగిపోవు పరికరమును పంపి ఎచ్చట ఎంత పలుచబడెనో తెలిసికొనుట. ఇవి ఋషులకు మాత్రమే తెలిసిన రహస్యములు కావు. ఈ వృత్తిలో దిగిన ప్రతి ఇంజనీరును చదివిన సంగతులే. గ్యాసు వాసన వచ్చుచున్నదని ఊరివారు ముందే మొరపెట్టుకొనిరని ఆనాటి పత్రికలు వ్రాసినవి. కారినచోట క్లాంపు బిగించి ఊరకుండుట మరమ్మతు అనిపించుకొనునేమో గాని, ఎందుకు కారెనని అడుగకుండుట నిర్వహణ అనిపించుకొనదు.

ఇచ్చట మరియొక వర్గమువారు అడ్డుపడి, “భూగర్భములోని సంపదను తీయునపుడు ఇట్టివి తప్పవు, పాశర్లపూడి మరచితిరా?” అందురు. మరువలేదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలోని 19వ నంబరు బావి అదుపుతప్పి బ్లోఅవుటై, 65 దినములు అహోరాత్రములు మండి, కోనసీమ నంతటిని నిద్రకు దూరము చేసినది. అయితే ఆ రెంటిని ఒకే త్రాటికి గట్టుట తగదు. వేల అడుగుల లోతున రాతిపొరలలో దాగిన పీడనము కొంతవరకైనను అజ్ఞాతము. దానిని ఎదుర్కొనుటకు కూడ సాధనములున్నవి గాని, అపాయము పూర్తిగా పోదని ఒప్పుకొందము. మనమే కొలిచి, మనమే అతికి, మనమే పాతిపెట్టిన గొట్టపు గోడ మందము అజ్ఞాతమెట్లగును? కొలువదలచిన కొలువవచ్చును. కొలువని దానిని విధివ్రాత యనుట విధికే అపచారము.

చివరిగా చేయిపెట్టినవానిపై నేరము మోపు ఈ సంప్రదాయము మన గోదావరి గట్టున పుట్టినది కాదు. 1931లో హెర్బర్ట్ హైన్రిక్ అను అమెరికా దేశపు బీమా ఉద్యోగి పారిశ్రామిక ప్రమాదములపై ఒక గ్రంథము వ్రాసి, నూటికి 88 ప్రమాదములు పనివాండ్ర అజాగ్రత్త చేష్టలవలననే కలుగుచున్నవని లెక్క తేల్చెను. ఆ లెక్కకు ఆధారమైన పత్రములు చాలవరకు యజమానులును వారి మేస్త్రీలును పూరించినవి! పనివాడు తప్పుచేసెనని మేస్త్రీ వ్రాయక, నేను సాధనము సరిగా నుంచలేదని వ్రాయునా? పనివారు పొరబడరని నా వాదము కాదు. పొరబడుదురు, నిద్రలేమిచేతను, తొందరచేతను, ఒక్కొక్కప్పుడు కేవలము సోమరితనముచేతను. కాని ఒక్క మనుష్యుని ఒక్క పొరపాటుచేత ఊరు తగులబడు ఏర్పాటును చేసినవారెవరో వారే మొదటి పొరపాటు చేసినవారు.

ఇది విని కొందరు విద్యాధికులు సులభమైన మార్గమొకటి చూపుదురు: కొత్త సెన్సార్లు, కంప్యూటర్లు తెప్పించిన అంతయు చక్కబడునని. ఈ భ్రమయును మొదటిదానికి తోబుట్టువే. 2020 మే 7న విశాఖపట్టణములోని ఎల్జీ పాలిమర్సునుండి స్టైరీను ఆవిరి వెలువడి పన్నెండుగురు మరణించినపుడు, ఆ ట్యాంకునకు ఉష్ణమాపకము లేకపోలేదు. అది అడుగుభాగమున నుండెను. అడుగున చల్లదనమును చూపుచున్న ఆ సాధనమునకు పైభాగమున ద్రవము కాగి మరుగుచున్నదని తెలియలేదు. 2005లో టెక్సాస్ సిటీ రిఫైనరీలో పదునైదుగురను బలిగొన్న పేలుడుకు ముందు, గోపురము నిండి పొర్లుటకు సిద్ధముగా నుండగా మట్టమును చూపు మీటరు అది తగ్గుచున్నదని చూపుచునే యుండెను. సాధనము లేనివాడు తనకు తెలియదని ఎరుగును; సరిచూడని సాధనము గలవాడు తనకు తెలియుననుకొనును. ఇద్దరిలో రెండవవాడే భయంకరుడు.

మాపనమునకు విలువ వచ్చునది దానికి ఒక విధి ముడివడినపుడే. ఇందుకు నిదర్శనము వెదకుచు విదేశములకు పోనక్కరలేదు. ధవళేశ్వరము ఆనకట్టవద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరిన మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది వెలువడును. ఆ అంకె వినినంతనే లంకలలోని రైతు పశువులను గట్టుకెక్కించును, తహసీలుదారు పడవలను సిద్ధపరచును. ఏ అంకెకు ఎవ్వరేమి చేయవలెనో అందరకును ముందే తెలియును. గేజి చదువు లస్కరు తన జీతమునకు చదువుచున్నాడేగాని, ఆతడు చదివినది కోనసీమ అంతయు వినును. కోటాను కోట్ల రూపాయల గ్యాసు ప్రవహించు గొట్టమునకు ఈపాటి మర్యాద లేకపోవుట వింత గాదా?

వ్యయము మాట ఎత్తువారికి సమాధానము చెప్పుట సులభము. నీరు తీయు యంత్రాగారమునకు అగు ఖర్చును, పిగ్గింగువలన సరఫరాకు కలుగు అంతరాయమును లెక్కించుకొని వెనుదీసినవారు, ఆ జూన్ ఉదయము తరువాత సరఫరా పూర్తిగా నిలిచిపోయి విద్యుత్కేంద్రములు చల్లబడుటను చూచిరి. మిగిల్చినదెంత, పోగొట్టినదెంత అని వారి లెక్కలవారే చెప్పుదురుగాక. చనిపోయినవారిని నేనా పద్దులో చేర్చుటలేదు.

కావున టీకొట్టు పొయ్యిని గూర్చి ముచ్చటించుటకు మారుగా, తాటిపాక చుట్టుపట్ల పంచాయతీలవారు ఆయా సంస్థల అధికారులను అడుగవలసినవి కొన్ని కలవు. మా ఊరి క్రింద పోవు గొట్టములో తడి వాయువు పోవుచున్నదా, పొడి వాయువా? గోడ మందమును కడపటిసారి కొలిచినదెప్పుడు, పలుచబడినచోట్లు ఎవరి పొలములలో నున్నవి? ఈ అంకెలను తెలుగులో వ్రాసి, వరద హెచ్చరికలవలె పంచాయతీ కార్యాలయపు గోడపై అంటింతురా? మరియు, అర్ధరాత్రి రెండు గంటలకు ఒక రైతు ఫోను చేసి వాసన వచ్చుచున్నదని చెప్పిన యెడల, పైవారి అనుమతికై తెల్లవారువరకు వేచియుండక వాల్వు మూయగల అధికారము డ్యూటీలోనున్న ఆపరేటరుకు కాగితముపై వ్రాసి ఇచ్చియున్నారా, లేదా?