గుద్దినోడు పోయిండు, హక్కు పోలేదు

హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీద రాత్రిపూట మనిషిని గుద్ది బండి ఆగకుండ పోతది. నంబరు ఎవరికీ దొరకదు. తెల్లారి ఊరోళ్లు రాస్తారోకో జేస్తరు, పోలీసులు సముదాయిస్తరు, శవం ఇంటికొస్తది. రాస్తారోకో మనకు కొత్త గాదు, తప్పూ గాదు. కానీ ఆ కుటుంబానికి రావాల్సిన 2 లక్షల సంగతి ఎవరన్న ఎత్తుతున్నరా?

గుద్దినోడు దొరకకున్నా చనిపోయినోళ్లకు 2 లక్షలు, తీవ్రంగా గాయపడ్డోళ్లకు 50 వేలు ఇయ్యాలని 2022 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం స్కీం ఉన్నది. అంతకుముందు 25 వేలే. పాలకుల లెక్కల పేదోని ప్రాణం ధర అంతే! అడిగేటోళ్లు శానా తక్కువని సుప్రీంకోర్టే అన్నది. నెలలోపు బండి ఆచూకీ తెల్వకుంటే బాధితులకు ఈ స్కీం గురించి పోలీసులే చెప్పాలని 2024 జనవరిలో ఆదేశించింది. మీ ఊర్లె ఎవరికన్న చెప్పిండ్రా?

ముందు 108కు ఫోన్ చెయ్యాలె. ఆస్పత్రికి తీస్కపోయినోణ్ని పేరు చెప్పమని బలవంతం చెయ్యొద్దని 2020ల కేంద్రం తెచ్చిన నిబంధనలల ఉన్నది, భయపడొద్దు. ఎఫ్ఐఆర్‌ల ‘గుర్తుతెలియని వాహనం’ అని రాయించి కాపీ తీస్కోవాలె. పక్క దుకాణం సీసీ కెమెరా రికార్డు చెరిగిపోకముందే పోలీసులతోని తీయించాలె. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, బ్యాంకు పాసుబుక్కు పట్టుకొని ఆర్డీవో ఆఫీసుల దరఖాస్తు ఇయ్యాలె. మంజూరు చేసేది కలెక్టరు. నడుమ పైరవీకారు ఎందుకు? రెవెన్యూల పనిచేసే మనోళ్లే ఆ ఫారం నింపి పెట్టొచ్చు.