పచ్చ లైటు చూడటం కాదు, పరీక్ష నేర్చుకుందాం



ఐటీఐ, డిప్లొమా అయిన మనవాళ్లు చాలామంది ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లో లైన్ పనికి వెళ్తున్నారు. వెళ్లొద్దని మేం అనం. అక్కడ ఏ కుర్చీలో కూర్చుంటున్నామో చూసుకోవాలంటున్నాం.

సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియో బోర్డునే తీసుకోండి. ముందు కెమెరాతో సోల్డరింగ్ చూస్తారు. వోల్టేజీలు కొలుస్తారు. జేట్యాగ్‌తో చిప్పుల కనెక్షన్లు చూసి ఫర్మ్‌వేర్ ఎక్కిస్తారు. చివరికి సిగ్నల్ పంపి పవర్ ఎంతుందో, ఫ్రీక్వెన్సీ ఎంత పక్కకి పోయిందో కొలుస్తారు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పది లక్షల్లో ఒక వంతు తేడా వచ్చినా 2,400 హెర్ట్జ్ పోయినట్టే.

ఈ పనిలో ఒకరు బోర్డు పెట్టి, పచ్చ లైటు చూసి తీస్తారు. ఇంకొకరు ఎర్ర లైటు ఎందుకొచ్చిందో చెప్తారు, టెస్ట్ ప్రోగ్రాం రాస్తారు. కేబుల్ వదులైనా మంచి బోర్డు ఫెయిల్ అవుతుంది. ఆ తేడా పట్టుకున్నవాళ్లకే విలువ. మనవాళ్లు మొదటి కుర్చీలోనే మిగిలిపోకూడదు.

టవర్ అందని గూడేల్లో, వాగులు పొంగే రోజుల్లో రేడియో సెట్టు విలువ మనకి ఒకరు చెప్పక్కర్లేదు. సరిగా పరీక్షించని బోర్డు సరిగ్గా అప్పుడే మూగబోతుంది.

మల్టీమీటర్, పైథాన్‌తో మొదలుపెడదాం. నలుగురం కలిసి ఆర్టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్ ఒకటి కొనుక్కుంటే ల్యాప్‌టాప్‌లో ఎఫ్‌ఎం సిగ్నల్‌ని కళ్లతో చూడొచ్చు. ఇంటర్వ్యూలో జీతంతో పాటు "టెస్టింగ్ నేర్పిస్తారా?" అని అడుగుదాం. ఐటీడీఏ శిక్షణల్లోనూ ఇదే అడుగుదాం. మీరేమంటారు?