గేటు విరిగితే డైవర్ కావాలి.. డైవర్‌కి సిలిండర్ కావాలి! స్టీల్ ట్యాంకు రేటు వెనుక అసలు లెక్క ఇదీ

స్కూబా డైవింగ్ అనగానే మనకి గుర్తొచ్చేది రుషికొండ బీచ్, అండమాన్ రీల్స్. మిర్చి, పత్తి పండే గుంటూరు, ప్రకాశం జిల్లాలకి దానితో పనేంటి అనుకుంటున్నారా? పని ఉంది. అది కూడా సరదా పని కాదు. మన పొలాలకి నీళ్లిచ్చే గేట్ల దగ్గర పని.

గత ఐదారేళ్లలో మన ప్రాంతంలో గేట్ల కథ ఒకసారి రివైండ్ చేసి చూద్దాం.

2021 ఆగస్టు 5న పులిచింతల ప్రాజెక్టు 16వ గేటు కొట్టుకుపోయింది. స్టాప్‌లాగ్ గేటు పెట్టడానికి రిజర్వాయర్‌ని చాలావరకు ఖాళీ చేయాల్సి వచ్చింది. 45 టీఎంసీలు పట్టే ప్రాజెక్టు అది.

2022 ఆగస్టు చివర్లో ప్రకాశం జిల్లా మల్లవరం దగ్గర గుండ్లకమ్మ ప్రాజెక్టు మూడో గేటు దెబ్బతింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చి వెళ్లిన వెంటనే అదే ప్రాజెక్టు రెండో గేటు పోయింది. నీళ్లు సముద్రం పాలయ్యాయి. దాని కెపాసిటీయే 3.859 టీఎంసీలు. దాని మీద ఆధారపడ్డ ఆయకట్టు సుమారు 80 వేల ఎకరాలు.

ఇక 2024 సెప్టెంబరు 1. కృష్ణా వరదలో కొట్టుకొచ్చిన భారీ పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లని ఢీకొట్టాయి. 67, 69, 70 నంబర్ల గేట్ల దగ్గర కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. ఆ వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. బ్యారేజీ చరిత్రలోనే అది రికార్డు. ఇరుక్కున్న పడవల్ని క్రేన్లతో లాగితే కదల్లేదు. చివరికి విశాఖ నుంచి డైవర్లు వచ్చారు. నీళ్లలోకి దిగి, కింద ఇనుముని కోసే పని మొదలుపెట్టారు. టీవీలో ఆ లైవ్ మీరంతా చూసే ఉంటారు.

అంతకుముందు 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడూ అంతే. ధర్మాడి సత్యం టీమ్ లంగరు వేసి లాగితే, విశాఖ డైవర్లు నీటి అడుగుకి వెళ్లి తాళ్లు కట్టారు.

అంటే విషయం క్లియర్. గేటు విరిగినా, పడవ ఇరుక్కున్నా, మనిషి గల్లంతైనా చివరికి ఒక డైవర్ దిగాలి. ఆ డైవర్ ప్రాణం వీపు మీదున్న సిలిండర్‌లో ఉంటుంది. మరి ఆ సిలిండర్ ఎక్కడి నుంచి వస్తుంది? రేటు ఎందుకు పెరుగుతుంది? సప్లై ఎక్కడ ఆగుతుంది?

ఒక సిలిండర్‌తో ఎంతసేపు?

ముందు చిన్న లెక్క. 12 లీటర్ల స్టీల్ ట్యాంకులో 200 బార్ ప్రెజర్‌తో గాలి నింపితే, 12 ఇంటూ 200.. అంటే 2,400 లీటర్ల గాలి. ఇందులో 50 బార్, అంటే 600 లీటర్లు ఎమర్జెన్సీ కోసం ముట్టుకోకూడదు. మిగిలింది 1,800 లీటర్లు.

మామూలుగా ఉన్న మనిషి నిమిషానికి సుమారు 20 లీటర్ల గాలి పీలుస్తాడు అనుకుందాం. 10 మీటర్ల లోతుకి వెళ్తే ప్రెజర్ డబుల్ అవుతుంది. గాలి ఖర్చూ డబుల్.. 40 లీటర్లు. అంటే 45 నిమిషాలు. అది కూడా కదలకుండా చూస్తూ ఉంటేనే. బురద నీళ్లలో, ప్రవాహంలో, కట్టర్ పట్టుకుని పని చేస్తే ఊపిరి రెండింతలవుతుంది. 20 నిమిషాలు దాటడం కష్టం.

పెద్ద పనులకి ఒడ్డున కంప్రెసర్ పెట్టి పైపు ద్వారా గాలి పంపుతారు. కానీ పైపు తెగితే? కంప్రెసర్ ఆగితే? అందుకే అప్పుడు కూడా డైవర్ వీపున ఒక సిలిండర్ ఉండి తీరాలి. రోజంతా పని జరగాలంటే ఒకటి రెండు సిలిండర్లు చాలవు. వరుసగా నింపినవి రెడీగా ఉండాలి.

మన ఇంటి గ్యాస్ బండ లాంటిది కాదు

ఇంట్లో వంట గ్యాస్ బండ చూడండి. మధ్యలో అతుకు కనిపిస్తుంది. రెండు సగాల్ని వెల్డింగ్ చేస్తారు. లోపల ప్రెజర్ తక్కువ కాబట్టి అది సరిపోతుంది.

200 బార్ అంటే వేరే లెవెల్. అక్కడ అతుకు పనికిరాదు. అతుకు లేని స్టీల్ గొట్టాన్ని ఎర్రగా కాల్చి, చివర్లు తిప్పుతూ మూస్తారు. తర్వాత హీట్ ట్రీట్‌మెంట్. ఆపైన వాడే ప్రెజర్ కంటే బాగా ఎక్కువ ప్రెజర్‌తో నీళ్లు నింపి టెస్ట్ చేస్తారు. మన దేశంలో దీనికి ఐఎస్ 7285 అనే ప్రమాణం ఉంది.

ఇప్పుడు అసలు పాయింట్. హాస్పిటల్ ఆక్సిజన్ సిలిండర్, సీఎన్‌జీ ఆటో కింద ఉండే సిలిండర్, ఫ్యాక్టరీల గ్యాస్ సిలిండర్, డైవర్ ట్యాంకు.. స్టీల్‌వి అయితే ఇవన్నీ ఒకే కుటుంబం. ఒకే రకం స్టీలు, ఒకే రకం మెషీన్లు. ఈ నలుగురు కస్టమర్లలో డైవర్ చాలా చిన్నోడు. పెద్దోళ్లు ఒక్కసారి క్యూలో నిలబడితే చిన్నోడి వంతు ఎప్పటికో వస్తుంది.

2021లో ఏం జరిగిందో గుర్తుందా?

కరోనా సెకండ్ వేవ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. 2021 ఏప్రిల్ 21న కేంద్రం 1,27,000 ఆక్సిజన్ సిలిండర్లకి ఆర్డర్ ఇచ్చింది. అందులో 54 వేలు జంబో సైజు, 73 వేలు మామూలు సైజు. మరుసటి రోజు నుంచి కొన్ని రంగాలకి తప్ప పరిశ్రమలకి ఆక్సిజన్ ఆపేశారు. నైట్రోజన్, ఆర్గాన్ సిలిండర్లని కూడా శుభ్రం చేసి ఆక్సిజన్‌కి మార్చుకోమన్నారు. దిగుమతి సుంకం ఎత్తేశారు. విదేశీ ఫ్యాక్టరీలకి ముందస్తు తనిఖీ లేకుండానే అనుమతులిచ్చారు.

అప్పట్లో వైజాగ్ స్టీల్ ప్లాంట్ నుంచి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మహారాష్ట్రకి వెళ్లింది. అంటే ఆక్సిజన్ తయారీ మన దగ్గరే ఉంది. కానీ పేషెంట్ మంచం దాకా మోసుకెళ్లడానికి స్టీల్ సిలిండర్ దొరకలేదు. గ్యాస్ ఉన్నా బండ లేక ప్రాణాలు గాల్లో వేలాడిన రోజులవి. మన గుంటూరు, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో ‘సిలిండర్ ఉందా’ అని ఎన్ని మెసేజ్‌లు తిరిగాయో ఎవరూ మర్చిపోలేదు.

మిర్చి రేటు వేరు, సిలిండర్ రేటు వేరు

గుంటూరు మిర్చి యార్డు లెక్క మనందరికీ తెలిసిందే. టిక్కీలు ఎక్కువొస్తే రేటు పడుతుంది. తగ్గితే లేస్తుంది. 2025 ఫిబ్రవరిలో రేటు పడిపోతే, కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ స్కీమ్ కింద క్వింటాకి 11,781 రూపాయలు లెక్కగట్టాల్సి వచ్చింది.

సిలిండర్ మార్కెట్ అలా ఉండదు. ఇక్కడ ‘సరుకు రాక’ని నిర్ణయించేది వాన, పంట కాదు. స్టీలు రేటు, సుంకాలు, అనుమతులు.

స్టీలు సంగతి చూద్దాం. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ప్రపంచమంతా స్టీలు రేట్లు ఎగిరాయి. మన దేశంలో రేట్లు దించడానికి కేంద్రం ఆ ఏడాది మే నెలలో స్టీలు ఎగుమతులపై 15 శాతం సుంకం వేసింది. నవంబరులో తీసేసింది. 2025 ఏప్రిల్‌లో సీన్ రివర్స్. చౌకగా వస్తున్న విదేశీ స్టీలుని ఆపడానికి కొన్ని రకాల దిగుమతులపై 12 శాతం సేఫ్‌గార్డ్ సుంకం పడింది. స్టీలు ఫ్యాక్టరీకి అది ఊరట. స్టీలు కొని వస్తువు చేసేవాడికి భారం.

అమెరికా కథ ఇంకోలా ఉంది. ఒకప్పుడు అక్కడ ప్రెస్డ్ స్టీల్ ట్యాంక్, వర్తింగ్టన్ కంపెనీలు డైవింగ్ కోసం స్టీల్ ట్యాంకులు చేసేవి. రెండూ ఆ లైన్ మానేశాయి. 2012లో చైనా హై ప్రెజర్ స్టీల్ సిలిండర్లపై యాంటీ డంపింగ్ సుంకం వేశారు. ఇప్పుడు అక్కడి డైవర్లు ఎక్కువగా ఇటలీకి చెందిన ఫేబర్ ట్యాంకుల మీద ఆధారపడుతున్నారు. పైగా 2025 మార్చిలో స్టీలు దిగుమతులపై 25 శాతంగా ఉన్న సుంకాన్ని ట్రంప్ జూన్‌లో 50 శాతం చేశారు. తయారీదారులు తగ్గి, సుంకాలు పెరిగితే రేటు ఎటు వెళ్తుందో చెప్పక్కర్లేదు.

ఇండియాలో ఎవరెస్ట్ కాంటో లాంటి కంపెనీలు అతుకు లేని స్టీల్ సిలిండర్లు చేస్తున్నాయి. అంటే మనం పూర్తిగా విదేశాల మీద ఆధారపడిలేం. అది మంచి విషయం. కానీ సీఎన్‌జీ బండ్లు పెరిగే కొద్దీ ఆ ఫ్యాక్టరీలకి పెద్ద ఆర్డర్లు అటువైపు నుంచే వస్తాయి. పది ట్యాంకులు కావాలనే డైవింగ్ టీమ్‌కి బేరమాడే బలం ఉండదు.

బిల్లు మీద కనిపించని ఖర్చు

గ్యాస్ నింపే స్టీల్ సిలిండర్లపై జీఎస్టీ 18 శాతం. ఉదాహరణకి ఒక ట్యాంకు 20 వేలు అనుకుంటే, పన్నే 3,600. దాని మీద వాల్వు, రవాణా అదనం.

అసలు ఖర్చు కొన్న తర్వాత మొదలవుతుంది. గ్యాస్ సిలిండర్స్ రూల్స్ 2016 ప్రకారం హై ప్రెజర్ సిలిండర్‌ని ఇష్టమొచ్చినట్టు వాడటం కుదరదు. నాగ్‌పూర్ హెడ్ ఆఫీసుగా ఉన్న పెసో సంస్థ ఆమోదించిన సిలిండర్ అయి ఉండాలి. గడువు ప్రకారం హైడ్రో టెస్ట్ చేయించాలి. టెస్ట్ తేదీ దాటిన సిలిండర్‌లో గ్యాస్ నింపకూడదు. బయటి నుంచి తెప్పించాలన్నా ముందు అనుమతి కావాలి.

ఇవి వేధింపులు కావు. 200 బార్ సిలిండర్ పేలితే అది బాంబే. కానీ ఈ రూల్స్ వల్ల ఒక సంగతి అర్థం చేసుకోవాలి. వరద వచ్చిన రోజు పరిగెత్తి షాపులో కొనుక్కొచ్చే వస్తువు కాదిది.

మరి అల్యూమినియం ట్యాంకులు వాడొచ్చు కదా? టూరిస్టు డైవింగ్‌లో అవే ఎక్కువ. తుప్పు బాధ తక్కువ. కానీ గాలి అయిపోయే కొద్దీ అల్యూమినియం ట్యాంకు పైకి తేలడం మొదలవుతుంది. దాన్ని అణచడానికి డైవర్ నడుముకి అదనంగా సీసం కట్టుకోవాలి. స్టీల్ ట్యాంకు ఖాళీ అయినా అడుగునే ఉంటుంది. గేటు దగ్గర పని చేసేవాడికి ఆ తేడా చిన్నది కాదు. బదులుగా స్టీలుకి లోపల తడి తగలకూడదు. తడి గాలి నింపితే లోపల నుంచి తుప్పు తినేస్తుంది.

ఇంకో హెచ్చరిక. వెల్డింగ్ షాపు ఆక్సిజన్‌ని డైవర్ ట్యాంకులో నింపడం ప్రాణాంతకం. డైవర్‌కి కావాల్సింది శుభ్రమైన మామూలు గాలి. 6 మీటర్లు దాటిన లోతులో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. పైగా ఆయిల్, గ్రీజు మరకున్న సిలిండర్‌లోకి ఆక్సిజన్ వెళ్తే మంట లేస్తుంది.

మరి మనం ఏం చేయాలి?

మూడు పనులు. మూడూ పెద్ద బడ్జెట్‌వి కావు.

ఒకటి: జూన్‌కి ముందే, అంటే కృష్ణాకి వరద సీజన్ మొదలవక ముందే లిస్టు రెడీ కావాలి. మన జిల్లాలకి దగ్గర్లో డైవర్ గాలి నింపే కంప్రెసర్ ఎక్కడుంది? హైడ్రో టెస్ట్ స్టేషన్ ఎక్కడుంది? రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు? ఇది ప్రతి ప్రాజెక్టు కంట్రోల్ రూమ్ గోడ మీద ఉండాలి.

రెండు: సిలిండర్లు విడివిడిగా కాకుండా కలిపి కొనాలి. జలవనరుల శాఖ, ఫైర్ డిపార్ట్‌మెంట్, ఎస్‌డీఆర్‌ఎఫ్.. ముగ్గురికీ గాలి సిలిండర్లు అవసరమే. ముగ్గురూ ఒకే టెండర్‌తో వెళ్తే ఫ్యాక్టరీ దగ్గర మాట చెల్లుతుంది.

మూడు: గేటు విరిగాక కాదు, విరక్క ముందే డైవర్‌ని దించాలి. నీటి కింద గేటు అంచులు, స్టాప్‌లాగ్ దిగే గాడి ఎలా ఉన్నాయో ఏడాదికోసారి వీడియో తీస్తే సగం ప్రమాదాలు ముందే తెలుస్తాయి. ఆ గాడిలో ఒక దుంగ ఇరుక్కుని ఉన్నా అవసరమైన రోజు స్టాప్‌లాగ్ కిందకి దిగదు.

ఒక డైవింగ్ టీమ్‌కి కావాల్సిన సిలిండర్ల ఖర్చుని, గుండ్లకమ్మలో ఒక్క గేటు నుంచి పోయిన నీటితో పోల్చి చూడండి. ఆ నీళ్ల మీద నమ్మకంతో నారు పోసిన రైతుకి స్కూబా అనే మాట తెలియకపోవచ్చు. కానీ విరిగిన గేటు దగ్గర నింపిన సిలిండర్ కోసం విశాఖ వైపు చూస్తూ గడిచే ప్రతి గంటకీ రేటు కట్టేది మాత్రం ఆ రైతే.